పరదేశి నేర్చిన పాఠం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగం)



తమిళదేశంలో ఒక తెలుగు పాఠశాల 75 సంవత్సరాలు నిలిచి ఉండడం సామాన్య విషయం కాదు. ఇటువంటి సభలలో స్థాపకులను, దాతలను, తొలి ఉపాధ్యాయులను స్మరించడం ఆచారం. వారిని తలచుకొంటూనే, ఈ సభ మరొక బడిపంతులును కూడ గుర్తుకు తెచ్చుకోవడం సముచితం. ఆయన మధురలో సుమారు 400 సంవత్సరాల క్రిందట పిల్లలకు చదువు చెప్పినవాడు, నాయక కులస్థుడు. ఒక క్రైస్తవ మతబోధకునితో 20 రోజులు ఎదురుగా కూర్చుని వాదించినవాడు. ఆ సంభాషణలో విద్యాలయానికి పనికివచ్చే పాఠమొకటి ఉన్నది. తనకు ప్రాణప్రదమైన విశ్వాసాన్ని ముఖపరిచయం లేనివారితో ఎట్లా పంచుకోవాలన్నదే ఆ పాఠం.

విశ్వనాథ నాయకునితో ఆరంభమైన మధుర నాయక రాజ్యం 16వ శతాబ్దిలో పాదుకొన్నది. పాండ్యనాడు, కొంగునాడు పాలెములుగా విభజింపబడగా అనేక పాలెములకు తెలుగు నాయకులు అధిపతులైనారు. వారి వెంట సైనికులు, రైతులు, నేతగాండ్రు, చర్మకారులు తరలివచ్చారు. ఉత్తరం నుంచి వచ్చినవారు గనుక తమిళులు వారిని ‘వడుగులు’ అన్నారు. పోర్చుగీసువారి లేఖలలో కనిపించే ‘బడగలు’ వీరే. 1544లో వడుగ దండు దక్షిణ తీరంలోని పరవ మత్స్యకారుల గ్రామాలపై పడినప్పుడు, బాధితులకు పడవలలో సహాయం చేర్చడానికి ఫ్రాన్సిస్ జేవియర్ పూనుకొన్నాడు. అంటే, తీరంలోని క్రైస్తవులకు తెలుగువాడు మొదట దండెత్తివచ్చినవాడుగా పరిచయమైనాడు. మధురలోని తెలుగువారికి క్రైస్తవం ‘పరంగి’వాని మతంగా పరిచయమైనది. రెండు వైపులా భయమే గాని పరిచయం లేదు.

ఈ స్థితిలో గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు పాదిరి మధురలో నివసించేవాడు. పూర్వం ఆయన సైనికుడు. వ్యాపారానికి వచ్చిపోయే పరవలకు ఆరాధన జరిపించేవాడు, చిన్న వైద్యశాల నడిపేవాడు, పిల్లలకు ఒక బడి పెట్టాడు. ఆయన మంచితనాన్ని ఎవరూ కాదనలేదు. అయినా పదేళ్లకు పైగా శ్రమించినా మధుర నివాసులలో ఒక్కరూ ఆయన మతంలో చేరలేదు. మతంలో చేరదలచినవారిని ‘పరంగి కులంలో చేరుతావా’ అని అడిగే పద్ధతి ఆనాడు వాడుకలో ఉండేది. దైవాన్ని గూర్చి అడగవలసిన ప్రశ్న ఈ విధంగా కులాన్ని గూర్చిన ప్రశ్న అయిపోయినది. విన్నవారు ‘నా ఇల్లు, నా వారు, నా ఆచారం విడిచి పరాయివాడను కావాలా?’ అని అర్థం చేసుకొన్నారు. అది వారి తప్పు కాదు.

1606 నవంబరులో రాబర్టో డి నొబిలి అనే జెస్యూట్ మధురకు వచ్చాడు. 1577లో ఇటలీలో ఉన్నత కుటుంబంలో జన్మించినవాడు. వచ్చిన కొద్దికాలానికే ఆయన ఒక సంగతి గ్రహించాడు. తాను చెప్పబోయే మాట వినకముందే, చెప్పే మనిషిని చూసి ఊరు తలుపు మూసుకొంటున్నది. అందుచేత ఆయన చెప్పడం ప్రక్కన పెట్టి నేర్చుకోవడం ఆరంభించాడు. తమిళం నేర్చాడు. నాయకుల ఆస్థానంలో చెల్లుబడి అయ్యే తెలుగు నేర్చాడు. కావి వస్త్రం ధరించి, మాంసం మాని, రోజుకు ఒక్కపూట భోజనంతో, వేరొక ఇంట సన్న్యాసి వలె జీవించసాగాడు. తత్త్వబోధకుడు అన్న పేరు ఆయనకు వచ్చినది.

ఫెర్నాండెజ్ పెట్టిన బడిలో పనిచేసే పంతులు ఈ కొత్త సన్న్యాసి వద్దకు వచ్చింది ఈ రోజులలోనే. ఆయన ఒక ఉపన్యాసం విని తల ఊపి వెళ్లిపోలేదు. ప్రతిదినం గంటల తరబడి 20 రోజులపాటు వాదం నడిచినది. దేవుని ఏకత్వం, సృష్టి, పునర్జన్మ మొదలైన విషయాలన్నీ చర్చకు వచ్చాయి. పంతులు ఆక్షేపించేవాడు, పాదిరి సమాధానం చెప్పేవాడు. చివరకు పంతులు ఆ మతాన్ని స్వీకరించి ఆల్బర్టు అయినాడు. మధుర పట్టణంలో నొబిలి వలన మతంలో చేరిన మొదటి వ్యక్తి ఆయనే.

ఈ సభలో అనేక మతాలవారు ఉన్నారు. పంతులు నిర్ణయం కొందరికి సంతోషంగాను, కొందరికి బాధగాను తోచవచ్చును. ఆ నిర్ణయాన్ని ఎవరికి తోచిన విధంగా వారు తూచుకోవచ్చును. కాని అందరూ గౌరవించదగినవి ఆ 20 రోజులు. అడగడానికి పంతులుకు స్వేచ్ఛ ఉన్నది. కాదనడానికి కూడ ఉన్నది. అవతలి మనిషి బుద్ధిమంతుడని ఒప్పుకొన్నవాడు మాత్రమే ఒక్క మనిషికోసం 20 రోజులు వెచ్చించగలడు.

అటు తరువాత నొబిలికి సంస్కృతం నేర్పినవాడు శివధర్ముడు అనే తెలుగు బ్రాహ్మణ పండితుడు. పరదేశికి వేదవిద్య చెప్పడం నిషిద్ధమైన ఆ కాలంలో శివధర్ముడు చేసినది సాహసమే. యూరపు నుంచి వచ్చినవారిలో సంస్కృతాన్ని లోతుగా అభ్యసించిన తొలితరం వారిలో నొబిలి ఒకడు. ఆ విద్య ఆయనకు ఒక తెలుగు గురువు పెట్టిన భిక్ష. బోధించడానికి వచ్చినవాడు మొదట శిష్యుడైనాడు.

ఆ శిష్యరికం ఫలితం ఆయన మాటలలో కనిపించినది. పోర్చుగీసు పదాలను ఉన్నవి ఉన్నట్లు తమిళంలో గుప్పించడం మాని, ఊరివారికి తెలిసిన పదాలను స్వీకరించాడు. ఆరాధనా మందిరం ‘కోవిల్’ అయినది, ఆరాధన ‘పూజ’ అయినది, దేవుడు ‘సర్వేశ్వరుడు’ అయినాడు. తెలుగు కథోలికులు ఈనాటికీ ప్రార్థనలో సర్వేశ్వరుని పేరు పలుకుతారు. కొత్త సంగతిని వినేవాని ఇంటి మాటతో చెప్పాలన్న సూత్రం ఉపాధ్యాయులకు వేరుగా బోధించనక్కరలేదు. మాతృభాషలో చదువు చెప్పే పాఠశాల పుట్టిందే ఆ సూత్రం మీద.

అయితే ఈ కథలో ప్రశంస ఒక్కటే చెప్పి ఊరుకొంటే అది న్యాయం కాదు. నొబిలి పద్ధతిని ఆనాడే పలువురు ఆక్షేపించారు. మొదట ఆక్షేపించినవాడు ఆయన సహచరుడైన ఫెర్నాండెజ్. సన్న్యాసి వేషం గౌరవమా, మారువేషమా అన్నది వారి ప్రశ్న. నొబిలి తాను పరంగిని కాననీ, రోమునగరంలో ఉత్తమవంశంలో జన్మించాననీ తాటాకు మీద వ్రాయించి ఇంటి తలుపునకు తగిలించాడు. తాను చెప్పే ధర్మాన్ని ఇంతకుముందే ఇతరులు ఈ దేశంలో బోధించారనీ అందులోనే ప్రకటించాడు. అందులో అబద్ధం లేదు. కాని ‘ఉత్తమవంశం’ అనే మాటను ఆశ్రయించిన క్షణంలోనే ఆయన మరొక గోడను కూడ అంగీకరించాడు. పెద్దకులాల తలుపు తెరవడానికి పెట్టుకొన్న నియమాలు, చిన్నకులాలవారి ముందు తలుపు మూశాయి. పరవ క్రైస్తవులతో బహిరంగంగా కలసి మెలగడం ఆయనకు సాధ్యం కాలేదు. ఒకే దేవుని కొలిచేవారు వేరువేరు మందిరాలలో కొలిచారు.

వివాదం గోవా దాటి రోమునగరానికి చేరినది. 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగరీ తీర్పు ఇచ్చాడు. మతంలో చేరిన బ్రాహ్మణులు మూఢవిశ్వాసంతో ముడిపెట్టకుండా జంధ్యం, శిఖ, చందనం, స్నానాచారాలు ఉంచుకోవచ్చునని అనుమతించాడు. ఆ తీర్పు చివర మరొక మాట కూడ ఉన్నది. ఉన్నత కులాలవారు దీనులను చిన్నచూపు చూడరాదనీ, ముఖ్యంగా దేవాలయంలోను, దైవవాక్యం వినే వేళలోను వారిని దూరం చేయరాదనీ ఆయన వేడుకొన్నాడు. అనుమతి వెంటనే అమలైనది. వేడుకోలు మాత్రం శతాబ్దాలు వేచి ఉండవలసి వచ్చినది.

ఆ లోటు నొబిలికి తెలియకపోలేదు. 1640లో బల్తజార్ ద కోస్తా అనే యువ పాదిరి, అన్ని కులాల వారి వద్దకు వెళ్లడానికి వీలైన పండారస్వామి వేషం ధరించి బయలుదేరాడు. నొబిలి దానిని సమర్థించాడు. అదే సంవత్సరం మధురలో నొబిలి కారాగారం కూడ చూశాడు. విడుదలైన తరువాత కూడ ఆయన పని ఆగలేదు. చూపు మందగించిన వృద్ధాప్యంలో మైలాపూరు చేరి, 1656 జనవరి 16న అక్కడే కన్నుమూశాడు. అప్పటికే కొంగునాటి సత్యమంగళంలో జెస్యూట్ బోధకులు అడుగుపెట్టారు. కోయంబత్తూరు ప్రాంతపు పాత కథోలిక సంఘాల చరిత్ర అక్కడ మొదలవుతుంది.

ఇక ఈ కథకూ నేటి తెలుగు వీధులకూ సంబంధమేమిటి? కోయంబత్తూరులోనైనా మధురలోనైనా తెలుగువారు ఒక్క కులం కాదు. భూములు, నూలుమిల్లులు సంపాదించిన కమ్మవారున్నారు. మగ్గం నమ్ముకొన్న దేవాంగులున్నారు. బలిజలున్నారు, రెడ్లున్నారు. ఊరి చివర, పట్టణ పారిశుద్ధ్యపు పనిలో తరతరాలుగా నలిగిన అరుంధతీయులున్నారు. వారిలో అనేకుల ఇంటిభాష కూడ తెలుగే. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల కోటాలో వారికి 3 శాతం ప్రత్యేకించవలసి వచ్చినదంటే, వారు ఎంత వెనుక మిగిలిపోయారో ఊహించవచ్చును. తెలుగు సంఘాల సభలలో భాష ఒక్కటే అని ఉపన్యాసాలు వినిపిస్తాయి. ఆ భాష మాట్లాడే చివరి వీధి పిల్లవాడు ముందు వరుసలో కూర్చున్నాడా అన్నదే ఆ ఉపన్యాసాలకు పరీక్ష. నొబిలి సముద్రాలు దాటి వచ్చి రాజాస్థానపు మనిషికి పొరుగువాడు కాగలిగాడు. కాని అదే ఊరి చివరివీధికి బహిరంగంగా పొరుగువాడు కాలేకపోయాడు. ఇది క్రైస్తవుల లోపం మాత్రమే అనుకోవడం ఆత్మవంచన. ఆయన ఆ గోడను ఇటలీ నుంచి తేలేదు. అది ఇక్కడే కట్టి ఉన్నది.

తల్లిదండ్రులకు సహజంగా ఒక సందేహం కలుగుతుంది. పాఠశాలలో విశ్వాసాన్ని గురించి మాట్లాడవచ్చునా అని. భారత రాజ్యాంగం 25వ అధికరణం తన మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి ప్రతివ్యక్తికి స్వేచ్ఛ ఇచ్చినది. ప్రచార స్వేచ్ఛ అంటే తన మతసూత్రాలను వివరించి చెప్పే హక్కే గాని, మరొకరిని మతం మార్పించే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో, సమ్మతి లేనిదే ఏ విద్యార్థినీ మతబోధకు హాజరు కమ్మని నిర్బంధించరాదని 28వ అధికరణం శాసిస్తున్నది. మైనరైన పిల్లవాని విషయంలో ఆ సమ్మతి సంరక్షకులు ఇవ్వవలసినది. ఉపాధ్యాయునికీ పిల్లవానికీ మధ్య అధికారం ఉన్నది. అందుచేత మధుర పంతులుకూ పాదిరికీ మధ్య నడిచిన సమఉజ్జీల వాదం తరగతి గదిలో నడవదు. ఈ భేదం ఎరిగి మసలుకోవడం ఉపాధ్యాయధర్మం.

అంతమాత్రాన పిల్లలు ఒకరి విశ్వాసాన్ని మరొకరు ఎరుగకుండా పెరగాలని అర్థం కాదు. క్రిస్మసునాడు కేకు, రంజానుకు సేమ్యా, ఉగాదినాడు పచ్చడి పంచుకొన్న పిల్లలు, ‘మీరు ఎందుకు ఇట్లా చేస్తారు?’ అని అడగడం సహజం. ఆ ప్రశ్నకు కోపం లేకుండా, కొంచెపరచకుండా జవాబు చెప్పగలగడం విద్య. వినేటప్పుడు ఎగతాళి చేయకుండా వినగలగడం అంతకంటె పెద్ద విద్య.

2006 నాటి చట్టంతో తమిళనాట ప్రతి విద్యార్థికీ తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. తెలుగు చదువు ఏమవుతుందోనన్న ఆందోళన తెలుగు కుటుంబాలలో కలిగినది. అందులో న్యాయం ఉన్నది. అయినా, ఇటలీనుంచి వచ్చిన ఒక మనిషి ఊరి తమిళాన్నీ, ఆస్థానపు తెలుగునూ, పండితుల సంస్కృతాన్నీ ఒక జీవితంలో నేర్చాడు. అందువల్ల ఆయన తన మాటను పోగొట్టుకోలేదు. చెప్పడానికి చోటు సంపాదించుకొన్నాడు. తెలుగు పిల్లలు తమిళాన్ని పొరుగువారి మాటగా ప్రేమతో నేర్చి, తెలుగును ఇంటి మాటగా గౌరవంతో నిలుపుకొంటే, రెండు భాషలూ వారికి రెండు కళ్లవుతాయి.

మధురలోని ఆ పంతులు పూర్వపు పేరు జనానికి గుర్తులేదు. ఆయన బడి భవనం కూడ లేదు. ఆయన అడిగిన ప్రశ్నల వలన ఒక మహాపండితుడు 20 రోజులు వినవలసి వచ్చినదన్న మాట మాత్రం నిలిచినది. ప్రశ్న అడిగే పిల్లలను, ఓపికగా వినే పెద్దలను, చివరి వీధికి కూడ తెరచి ఉండే తలుపును ఈ పాఠశాల శతవార్షికోత్సవం వరకు, ఆ తరువాత కూడ కాపాడుకొనుగాక.

శుభమస్తు.