కాకర్ల సుబ్బారావుగారి రచనలు – ఒక గుమాస్తా లెక్క
(నల్లజర్లలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారి మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే, "యు.డి.సి.గా రిటైరైన వాణ్ణి, రేడియాలజీ గురించి నేనేం చెబుతాను?" అన్నాను. "ఆయన రాతల వల్ల మీ ఇంట్లో జరిగిందే చెప్పండి" అన్నారు. కాదనలేకపోయాను.

సుబ్బారావుగారు 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి రేడియాలజీ నేర్చుకున్నారు. 1986లో హైదరాబాదు వచ్చి నిమ్స్ డైరెక్టరైన సంగతి మీకందరికీ తెలుసు. 2000లో పద్మశ్రీ వచ్చింది. 2021 ఏప్రిల్ 16న 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. నిమ్స్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన రాసినవాటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

పరిశోధకుడి గొప్పతనం ఎలా కొలుస్తారో మా మనవడు చెప్పాడు. ఒకరి వ్యాసాన్ని తరువాతివాళ్ళు తమ వ్యాసాలలో ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కపెడతారట. నాకు వెంటనే అర్థమయింది. మన ఉత్తరాలలో "విషయము" కింద "సూచిక" అని రాసేవాళ్ళం కదా, అదే! 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీనికి ఒక సూత్రం కట్టాడు. ఒక్కొక్కటీ కనీసం ఇరవైసార్లు సూచికలకెక్కిన వ్యాసాలు ఇరవై ఉంటే, ఆయన అంకె ఇరవై. మన ఇంక్రిమెంట్ల లెక్కకన్నా సులువు.

అయితే ఈ లెక్క ఒక్కోసారి ఆలస్యంగా తేలుతుంది. సి.టి. స్కానుకు కావలసిన గణితాన్ని కార్మాక్ 1963, 64లలో అచ్చువేస్తే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. హిమపాతాల మీద పనిచేసే స్విట్జర్లాండు సంస్థ ఒకటి మాత్రం ప్రతి పంపమని అడిగిందట! 1979లో ఆయనకూ హౌన్స్‌ఫీల్డ్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎల్.డిస్. చేసి ఏడాదికి తగలబెట్టవలసిన ఫైలు ఆర్.డిస్.గా శాశ్వతమైనట్టు.

ఇక మా ఇంటి సంగతి. 2009లో మా ఆవిడకు నడుంనొప్పి పట్టుకుంది. చూసిన డాక్టరుగారు వయసు వల్ల అన్నారు. ఎనిమిది నెలలు నొప్పి మాత్రలు మింగింది. మనిషి పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. తాడేపల్లిగూడెంలో నడుముకు ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ము పట్టుకుని ఏలూరు వెళ్ళాం. అక్కడ ఒక రేడియాలజిస్టు, చిన్నవయసు అమ్మాయి, ఫిల్మును వెలుతురులో చాలాసేపు చూసి, "తలకు కూడా తీద్దాం బాబాయిగారూ" అంది. నడుంనొప్పికి తల ఎందుకమ్మా అనుకున్నాను.

తల ఫిల్ములో చిన్న చిన్న గుండ్రని మచ్చలు. ఫైలు కాగితాలకు పంచింగు మిషనుతో కన్నాలు పొడిచినట్టున్నాయి. ఆమె బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి ఒక పేజీ చూపించింది. అచ్చం అదే బొమ్మ. అట్ట మీద సంపాదకులలో మొదటి పేరు సుబ్బారావుగారిది. మూడు సంపుటాల "డయాగ్నస్టిక్ రేడియాలజీ అండ్ ఇమేజింగ్" అది. రక్తపరీక్ష, మూలుగ పరీక్ష చేస్తే మల్టిపుల్ మైలోమా అని తేలింది. ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే కేన్సరు అది. ఆ జబ్బులో నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటట. ఆ రోజే మానిపించారు.

ఈ జబ్బు ఎముకల మీద ఎలా కనబడుతుందో సుబ్బారావుగారు, హెరాల్డ్ జాకబ్సన్ అనే ప్రసిద్ధ రేడియాలజిస్టుతో కలిసి 1986లో "సెమినార్స్ ఇన్ రెంట్జెనాలజీ" పత్రికలో రాశారు. ఆయన నిమ్స్‌కు వచ్చిన ఏడాదే అది. వ్యాసం అమెరికాలో ఉండిపోయింది, మనిషి ఇటు వచ్చి ఆ విద్యను పాఠ్యపుస్తకాలలో పెట్టారు. ఎముకల రేడియాలజీ ఆయనకు ప్రాణం. తరువాత క్రెస్ట్ అనే ట్రస్టు పెట్టి, పెద్ద వయసులోనూ పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పించారు.

ఏలూరు అమ్మాయి ఎప్పుడూ వ్యాసం రాయలేదు. కాబట్టి ఆమె ఆ పేజీ తిరగేసిన సంగతి ఏ సూచికలోనూ లేదు, సుబ్బారావుగారి అంకె దానివల్ల ఒకటి కూడా పెరగలేదు. హైదరాబాదులో వైద్యం చేయించాం. మా ఆవిడ ఇంకో అయిదేళ్ళు ఉంది. మనవరాలి పెళ్ళికి తలంబ్రాల బియ్యం తనే కలిపింది. ఆ అయిదేళ్ళు ఏ పద్దులో రాయాలో, ముప్పయి ఏళ్ళు రిజిస్టర్లు నడిపిన నాకు తెలియలేదు.

ఆ రెండు ఫిల్ములూ మొన్నటిదాకా మా బీరువాలోనే ఉన్నాయి. మా తమ్ముడి మనవరాలు రేడియాలజీ పీజీలో చేరింది. "తాతయ్యా, వాటిని మా క్లాసులో చూపిస్తాను, ఇవ్వవా" అంది. ఇచ్చాను. పాత అలవాటు పోదు కదండీ, నోటుబుక్కులో తేదీ వేసి, "ఫిల్ములు రెండు" అని రాసి, దాని చేత సంతకం పెట్టించుకున్నాను.