ఒక గుర్తు – పెక్కు పేర్లు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు కీబోర్డు మీద రెండు అంకె గల మీటపైన సాధారణంగా @ అనే గుర్తు కనబడుతుంది. ఈ-మెయిలు చిరునామా చెప్పవలసి వచ్చినపుడు తెలుగువారూ, తమిళులూ, కన్నడిగులూ దానిని తరచు ‘ఎట్ ది రేట్ ఆఫ్’ అంటారు. విదేశాలలో ఈ మాట విన్నవారికి వింతగా తోస్తుంది. ఇంగ్లీషువారికి ఉత్త ‘ఎట్’ చాలు. అయితే గుర్తు పూర్వచరిత్రను తరచి చూస్తే ఇందులో నవ్వవలసినదేమీ లేదు.

ఆ గుర్తు పెరిగింది వర్తకుల చేతులలో. 1536 మే 4వ తేదీన ఫ్రాన్సెస్కో లాపి అనే ఫ్లోరెన్సు వర్తకుడు స్పెయినులోని సెవిల్ నగరం నుండి వ్రాసిన లేఖలో ద్రాక్షసారాయి ధరను తెలుపుతూ ‘ఆంఫొరా’ అనే కొలతకు బదులుగా దీనిని వాడాడు. ఆంఫొరా అంటే జాడీ. స్పానిష్, పోర్చుగీసు భాషలలో దీని పేరు నేటికీ ‘అరోబా’. నాలుగవ వంతు అనే అర్థం గల అరబ్బీ పదం నుండి పుట్టిన ఆ మాట నిజానికి ఒక తూకం పేరు. స్పెయినులో అది ఇరవై అయిదు పౌనులు, సుమారు 11.5 కిలోలు. పెద్దలు ఎరిగిన మద్రాసు మణుగు, అనగా ఎనిమిది వీశెలు, అదీ ఇరవై అయిదు ఇంగ్లీషు పౌనులే. ఎక్కడి సెవిల్, ఎక్కడి మద్రాసు!

పిమ్మట ఇంగ్లీషు పద్దులలో అది ‘ఒక్కొక్కటి ఇంత చొప్పున’ అనే అర్థంలో స్థిరపడి, ఆ హోదాతోనే టైపు మిషను ఎక్కింది. పది బస్తాలు @ 40 రూపాయలు అని బిల్లు వ్రాసిన గుమాస్తాకు దాని పేరు ‘ఎట్ ది రేట్ ఆఫ్’ కాక మరేమవుతుంది? యూనికోడ్ పట్టికలో కూడ దాని అధికార నామం ‘కమర్షియల్ ఎట్’. ఈ దేశంలో దానికి మరొక కొలువు కూడ ఉంది. పోలీసు, కోర్టు కాగితాలలో ఒక మనిషికి రెండు పేర్లుంటే నడుమ ఈ గుర్తు వేసి ‘అలియాస్’ అని చదువుకుంటారు. తమిళ పత్రాలలో ఆ పనిని కుండలీకరణంలోని ఎకారం చేస్తుంది.

1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు సందేశం పంపే ఏర్పాటు చేస్తూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ఈ గుర్తును నిలిపాడు. మనుష్యుల పేర్లలో అది రాదన్నదే ఆ ఎంపికకు కారణం. అంతటితో పద్దుల పుస్తకాలు ఎరుగని జనం చేతికి అది చిక్కింది. వారు దానిని చదవలేదు, చూశారు. ఇటలీవారికి నత్త కనబడింది. రష్యనులకు కుక్క, పోలండువారికి కోతి, డచ్చివారికి కోతితోక, గ్రీకులకు బాతుపిల్ల, హంగరీవారికి పురుగు కనబడ్డాయి. డెన్మార్కువారు తొండం గల ‘ఎ’ అన్నారు. చెక్కులు మాత్రం భోజనప్రియులు కాబోలు, చుట్టచుట్టి ఊరవేసిన చేపముక్క పేరు పెట్టారు. ఇజ్రాయెలులో ‘ష్ట్రూడెల్’ అనే చుట్ట మిఠాయి పేరు వాడుకలోకి వచ్చింది. హీబ్రూ భాషా పరిషత్తు ‘క్రూఖిత్’ అనే స్వభాషా పదాన్ని ఇచ్చినా జనం నోట ష్ట్రూడెలే నిలిచింది.

ఈ చూపు తెలుగువారికి కొత్తది కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, వట్రువసుడి, బండి ఱ, ఇవన్నీ ఆకారాన్ని చూసి పెట్టిన పేర్లే. ఇసుకలో వ్రేలితో దిద్దించే గురువుకు ధ్వనికన్న ముందు రూపం కావాలి గదా! తమిళనాట ఉన్న ఈ పాఠశాల పిల్లలకు ఇందులో ఒక చమత్కారం అదనంగా దక్కింది. తెలుగులో కొమ్ము ఉకారానికి గుర్తు. తమిళంలో ఒంటికొమ్ము ఎకారానికి, జంటకొమ్ములు ఏకారానికి. వీధిలో ఒక కొమ్ము, తరగతిలో ఒక కొమ్ము. రెండింటినీ తడబడకుండ మోసే పిల్లవాడు సామాన్యుడు కాడు.

కాని ఇంట తెలుగు మాటాడి, బడిలో ఆ లిపిని చదవని పిల్లలు ఈ రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. వారికి గుడి అంటే దేవాలయమే, కొమ్ము అంటే ఎద్దుకొమ్మే. మాట తల్లి ఒడిలో వస్తుంది. గుణింతపు పేర్లు పలక పట్టించేవారు ఉంటేనే వస్తాయి. ఆ పని డెబ్బది అయిదేండ్లుగా ఇక్కడ జరిగింది. పేర్లు మరచిన చోట గుర్తులు కూడ ఎంతో కాలం మిగలవు. ధాన్యం కొలిచే తూముకు పాత తెలుగు లెక్కలలో ఒక గుర్తు ఉండేది. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 కూర్పులో, ప్రాచీన భిన్నాంకాల సరసన, దానికి చోటు దొరికింది. స్పెయిను తూకం ప్రపంచంలోని ప్రతి కీబోర్డూ ఎక్కగా, తూము గుర్తును చూపితే పోల్చగల తెలుగువారు అరుదు.

@ గుర్తుకు తెలుగు పేరు ఉండాలా అని పెద్దలు కొందరు అడుగవచ్చు. ‘సుడి అ’ అనవచ్చునని ఒక ఆలోచన. వట్రువసుడికి అది చెల్లెలి వరుస అవుతుంది. అయితే పరిషత్తు ఇచ్చిన పేరు గతి ఇజ్రాయెలులో ఏమైందో చూశాము. అందుచేత సభానంతరం రెండవ తరగతి నల్లబల్లపై ఆ గుర్తును పెద్దదిగా వ్రాసి, ఏమీ చెప్పక, అది ఏమిటో పిల్లలనే అడగడం మేలు. ఆ ప్రక్కనే తూము గుర్తును కూడ వ్రాయాలి.