శంకువుగా మారు కన్ను
(సంఘ సభలో గావించిన ప్రసంగ పాఠము)



పిల్లవాని కళ్ళజోడు ఏటేట మార్చవలసి వచ్చుచున్నదనుకొనుడు. కొత్త అద్దములు పెట్టినను ఒక అక్షరము రెండుగా తోచుచునే యున్నది. అట్టి బిడ్డ అస్తమానము కన్నులు నులుముకొనుచుండునేని, చదువునకు సాకులు చెప్పుచున్నాడని గదమాయింపక నేత్రవైద్యునొద్దకు తీసికొనిపొండు. కెరటోకోనస్ అను వ్యాధి సామాన్యముగా యౌవనారంభముననే, ఇట్లే, చడీచప్పుడు లేక ప్రవేశించును.

కనుపాపకు ముందు గడియారపు అద్దమువలె అమరియుండు పారదర్శకమైన పొరకు కార్నియా యని పేరు. నడుమ దాని మందము రమారమి అర మిల్లీమీటరు. కొలాజెన్ తంతువుల అల్లికచే దానికి బిగువు వచ్చును. ఆ బిగువు సడలినపుడు పొర పలుచనై, ముందునకు పొంగి, శంకువు ఆకారము దాల్చును. కన్ను నులుముట దీనిని మరింత పెంచును. ఇస్రాయేలులో జరిపిన పరిశీలనలలో, దగ్గరి రక్తసంబంధీకులకు పుట్టినవారియందు ఈ వ్యాధి హెచ్చుగా కానవచ్చినది. మేనరికములు మనకు కొత్త కావు. ఈ మాట ఎవరిని నొప్పించుటకు కాదు. ఇంట ఒకరికి ఉన్నచో తోబుట్టువులకును పరీక్ష చేయింపుడని చెప్పుటకు.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున సైలర్, స్పోర్ల్, వొల్లెన్‌సాక్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన క్రాస్ లింకింగ్ చికిత్స తొలి ఫలితములు 2003లో ప్రకటితమైనవి. అమెరికాలో దీనికి 2016లో ఆమోదము లభించినది. మత్తు చుక్కలు వేసి కార్నియా మీది పలుచని పైపొరను తొలగింతురు. రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిన్ చుక్కలను అరగంట వేయుదురు. పిదప మరి అరగంట అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేయుదురు. తీవ్రత హెచ్చించి సమయము తగ్గించు పద్ధతులును నేడు కలవు. కాంతి, విటమిన్ కలిసి తంతువుల నడుమ కొత్త బంధములు కల్పించును. సడలిన దడికి అడ్డుదబ్బలు కట్టినట్లే యనుకొనుడు.

ఇక చికిత్సానంతరము కంటిలో జరుగునదేమి? ఇచ్చటనే పెక్కుమంది బెదరుదురు. మొదటి మూడు నాలుగు దినములు నొప్పి, నీరు కారుట, వెలుతురు చూడలేకపోవుట తప్పవు. పైపొర తిరిగి పెరుగువరకు కట్టువలె ఒక మెత్తని లెన్సు ఉంచుదురు. తొలి నెలలో చూపు మునుపటికన్న మందగింపవచ్చును. కార్నియా ముందు భాగమున సుమారు 300 మైక్రాన్ల లోతువరకు కణములు నశించి, కొన్ని మాసములలో కొత్తవి వచ్చి చేరును. ఆ కాలమున పొర మంచు పట్టినట్లు కనబడి, క్రమముగా తేటపడును. కార్నియా మందము కూడ తొలుత తగ్గి, తరువాత చాలవరకు కోలుకొనును. శంకువు వంపు మొదట కొంచెము పెరిగినట్లు తోచినను, ఏడాదికి పలువురిలో ఒకటి రెండు డయాప్టర్లు తగ్గును.

అంతకు మించి ఆశింపరాదు. ఈ చికిత్స వ్యాధిని నిలుపుటకే గాని పోయిన చూపును తెచ్చుటకు కాదు. కళ్ళజోడో, గట్టి కాంటాక్టు లెన్సో పిమ్మటను కావలసియే యుండును. జోడు వదలిపోవునని ఆశపెట్టువారి మాట నమ్మకుడు. కొందరిలో, ముఖ్యముగా పిల్లలలో, వ్యాధి మరల ముదురుటయు కలదు. అరుదుగా క్రిములు సోకి మచ్చ ఏర్పడవచ్చును.

అయినను జాప్యము మంచిది కాదు. కార్నియా 400 మైక్రాన్లకన్న పలుచబడినచో, లోపలి పొర కణములకు ఆ కాంతివలన హాని కలుగునను భయమున సాధారణ పద్ధతి పనికిరాదు. ఆ కణములు నశించినచో మరల పుట్టవు. మిక్కిలి ముదిరినవారికి కార్నియా మార్పిడియే శరణ్యము కావచ్చును.

వ్యాధి పెరుగుచున్నదా, నిలిచియున్నదా అను నిర్ణయము పాత కొలతలతో కొత్తవానిని పోల్చిన గాని తేలదు. చెన్నపట్టణమున ఒక ఆస్పత్రి, భువనేశ్వరమున వేరొకటి, సెలవులకు హైదరాబాదున మరియొకటి యని తిరుగువారు కార్నియా పటములన్నిటిని, పాత కళ్ళజోడు చీటీలతో సహా, ఒకచోట భద్రపరచి ప్రతిసారి వెంట తీసికొనిపోవుడు.