మానేసిన మర్నాటి సంగతి
(సభ్యుల సమావేశంలో వాలంటీర్ల బృందం తరఫున చేసిన ప్రసంగం)

 

మేము ఆదివారాలు ప్రసాదాల దగ్గర, చెప్పుల స్టాండు దగ్గర మీకు కనిపించేవాళ్లమే. మిగతా రోజులు కంప్యూటర్ల ముందు గడిచిపోతాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు సీవీలు కూడా దిద్దిపెడుతుంటాం. కొన్ని సీవీల్లో ఏడాదో రెండేళ్లో ఖాళీ ఉంటుంది. ఎందుకని అడిగితే మాట దాటేస్తారు. ఇవాళ ఆ ఖాళీ గురించే మాట్లాడదామనుకున్నాం.

తాగుడు మనకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. దుకాణం మూయించడం ఒక ఎత్తు. మానేసిన మనిషి మర్నాటి నుంచి ఏ పనిలోకి వెళ్లాలన్నది ఇంకో ఎత్తు.

బ్రాక్‌నెల్‌లో దీనికి వీసా భయం తోడవుతుంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, మామూలుగా 60 రోజుల గడువే ఇస్తారు. అందుకని జబ్బు ముదిరేదాకా దాచిపెడతారు. మన ఊళ్లోనే న్యూ హోప్ అనే సేవాకేంద్రం ఉంది. అక్కడ చికిత్స ఉచితం, వివరాలు గోప్యం. ఒక్క హెచ్చరిక: రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహాతోనే తగ్గించాలి.

చికిత్స ఒక్కటే చాలదనీ, ఉద్యోగం, ఇల్లు కూడా కుదిరితేనే మనిషి నిలబడతాడనీ డేమ్ కరోల్ బ్లాక్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రభుత్వానికి చెప్పింది. పూర్తిగా బాగుపడ్డాక ఉద్యోగం చూద్దామనే పాత పద్ధతి మారుతోంది. ఐపీఎస్ అనే పద్ధతిలో, చికిత్స సాగుతుండగానే ఒక ఉద్యోగ సలహాదారు పక్కనుండి నిజమైన ఉద్యోగం వెతికిపెడతారు. చేరిన తర్వాత కూడా తోడుంటారు.

సీవీలో ఖాళీకి అబద్ధం అక్కర్లేదు. "ఆరోగ్య కారణాల వల్ల విరామం తీసుకున్నాను, ఇప్పుడు పనికి సిద్ధం" అంటే చాలు, అది నిజమే కదా. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ఉద్యోగం ఇస్తామని చెప్పేలోపు యజమాని ఆరోగ్యం గురించి అడగకూడదు.

మరి మనమేం చేయగలం? వంటశాలలో, స్టోరులో, వెబ్‌సైటు పనుల్లో వారానికి రెండు గంటల సేవ ఇవ్వగలం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లూ జీతం లేని స్వచ్ఛంద సేవ చేయవచ్చు. కొన్ని నెలలయ్యాక మేము చూసింది చూసినట్టు ఉత్తరం రాసిస్తాం: ఫలానా వారు ప్రతి ఆదివారం తొమ్మిదింటికి వచ్చారు, అప్పగించిన పని పూర్తి చేశారు అని. చూడనిది ఒక్క ముక్కా రాయం. ఖాళీ తర్వాత వెతుక్కునేవాళ్లకు ఈమధ్య పని చూసి చెప్పే మనిషి దొరకడమే కష్టం.

"మళ్లీ మొదలుపెడితే?" అని పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మళ్లీ జారడం ఈ జబ్బులో ఉన్నదే. అందుకే పని చిన్నదిగా ఉంటుంది, పక్కన ఇంకొకరుంటారు, హుండీ లెక్కలు అప్పగించం. తాగి వస్తే ఆ రోజుకు ఇంటికి పంపిస్తాం. గుడి తలుపు మాత్రం మూయం.

కమిటీ వారు దీనికి అనుమతి ఇవ్వాలని కోరుతున్నాం. ఆఫీసుల్లో మనుషుల్ని తీసుకునే స్థాయిలో ఉన్న సభ్యులు మమ్మల్ని ఒకసారి కలవండి. ఇంట్లో ఈ బాధ పడుతున్న అమ్మలు, చెల్లెళ్లు కూడా రండి. పేరు చెప్పనక్కర్లేదు.

అందరం ఈ వారం నుంచే చేయగలిగింది ఒకటుంది. భోజనాల వరుసలో కొత్తగా కనిపించిన మనిషిని "ఎక్కడ పనిచేస్తున్నావు బాబూ?" అని మొదటే అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి గుడికి రావడం మానేసినవాళ్లున్నారు. "భోంచేశావా?" అని అడుగుదాం. మిగతాది వాళ్లే చెప్తారు.