ముందు తాడు, తర్వాతే కంచె

ఇల్లు పూర్తయ్యేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. ప్రహరీ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటాం. ఈలోగా పక్కింటి మేక వచ్చి కరివేప మొక్కను మోడు చేసి పోతుంది.

ప్రహరీకి డబ్బు చాలకపోతే కంచె వేసుకోండి. కానీ ముందు హద్దు తేల్చుకోండి. ఇరుగుపొరుగును పిలిచి, వాళ్ళ ఎదుటే తాడు లాగండి. జానెడు అటు పడిందా, రేపు స్తంభాలు పీకాల్సి వస్తుంది. ఆ తాడునే కొలిచి, గేటు వెడల్పు తీసేసి, అప్పుడు జాలీ కొనడానికి కొట్టుకు వెళ్ళండి.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? మూలల్లో. అవును, మూలల్లోనే. మూల స్తంభం వంగితే జాలీ అంతా వదులైపోతుంది. అక్కడ రాతి కడీ పెట్టండి. 2 అడుగుల గొయ్యి తీసి, కాంక్రీటు వేసి, జాలీ లాగే వైపు ఏటవాలుగా ఊతం ఇవ్వండి. మధ్యలో 8 అడుగులకు ఒక స్తంభం చాలు.

అదీ భారమేనా? వీధి వైపు మాత్రం జాలీ కట్టి, మిగతా వైపులా పచ్చకంచె పెంచండి. తొలకరికి వావిలి, అడ్డసరం కొమ్మలు దగ్గర దగ్గరగా గుచ్చండి. మేకలు వాటి జోలికి పెద్దగా రావు. మొదటి ఏడాది ముళ్ళకంప అడ్డం వేస్తే చాలు.

ఒక్క మాట. పందుల బెడద ఎంతున్నా కంచెకు కరెంటు తగిలించకండి. అది నేరం, ప్రాణాలు పోతాయి.

తొలకరి లోపే ఆ తాడు లాగి చూసుకోండి.