నీటిత్రోవలు



వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ముచ్చటింపవలసిన ఈ సభలో కాలువల ప్రసంగమేల యని కొందఱు శంకింపవచ్చును. నీరు నడపుట యెఱిగినవానికి సంఘము నడపుటయు తెలియునని నా మనవి.

మన భాషలో తూము అను మాటకు రెండర్థములు గలవు. చెఱువుకట్టక్రింద నీరు విడుచు ద్వారము తూము. నాలుగు కుంచముల ధాన్యపుకొలతయు తూమే. మొదటి తూము ఎండినచో రెండవ తూము నిండదని రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

కడపసీమయందలి పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసనమొకటి గలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచట చెఱువు కట్టించెననియు, వేయిమంది కూలీలును నూఱు బండ్లును రెండేండ్లు ఆ పనికి పట్టెననియు అందున్నది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు వలయుననియు, ఆఱు దోషములు కూడవనియు ఆ శిలమీదనే చెక్కించిరి. మన పెద్దలు నీటిని శాస్త్రముగా నెంచిరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1833 నాటి కఱవులో తెలుగుతీరము పాడువడినది. పిమ్మట కాటన్ దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. కాని ఆనకట్ట నీటిని నిలుపును. చేనికి చేర్చునది కాలువయే. వైనతేయపాయకు ఆవలనున్న నగరము దీవికి నీరు పోవుటకై హేగ్ అను ఇంజనీరు గన్నవరమువద్ద 49 కమానులతో అక్విడెక్టు కట్టించెను. క్రింద నది, మీద కాలువ! దానికి మాఱుగా తరువాత కట్టినదానికి డొక్కా సీతమ్మగారి పేరిడిరి. ఆ తల్లి (1841–1909) ఆకలిగొని వచ్చినవారికెల్ల అన్నము పెట్టినది. నీటిత్రోవకు అంతకంటె తగిన పేరు లేదు.

ఇక మన తప్పును చెప్పుకొందము. నా బాల్యమున మా యింటి నూతియొద్దకు పేటవారు కుండలతో వచ్చి ఎండలో దూరముగా నిలిచెడివారు. చేదను వారు ముట్టరాదు. మావారు తీరికయైనప్పుడు ఎత్తునుండి నీరు పోసెడివారు. దానిని మేము ధర్మమనుకొంటిమి. ఒకనాడొక ముసలమ్మ పొద్దెక్కువఱకు నిలిచి, ఒట్టి కుండతో మరలిపోయినది. అప్పుడు నేను నూతిగట్టుమీదనే కూర్చుండియుంటిని. ఆ సిగ్గు నన్ను నేటికిని వదలలేదు.

1927 మార్చి 20వ తేదీన మహాడ్‌లో అంబేడ్కరుగారు వేలమందితో చవదారు చెఱువునకు నడచి దోసిట నీరు త్రాగిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, 15వ అధికరణమున, ప్రజల బావులయందును చెఱువులయందును కులమునుబట్టి అడ్డుపెట్టరాదని శాసించినది. శాసనమైతే వచ్చినది, మనసులోని తూము తెఱచుట మన పని.

కావున ఈ మహాసభకు రెండు మనవులు. మన వసతిగృహములయందలి కుళాయి వీధివైపునకు తిరిగియుండవలెను. దానికి తాళము వేయరాదు. వేసవిలో కాలువ పూడిక తీయునపుడు చివరిచేని వాడెవడైనను, వానియొద్దనుండి పని మొదలుపెట్టవలెను. తలకాలువ రైతు దాహము ఎట్లైనను తీరును; చివరిమడి తడిసిననాడే కాలువ పాఱినట్లు.

కులము పేర కూడితిమి. ఆ కూడిక కట్టయై నిలుపుటయేగాక, కాలువయై పంచుటయు నేర్చుగాక!