ప్రేవులలోని సూక్ష్మజీవులు – కాలేయమునకు పట్టు క్రొవ్వు



మన కోనసీమలో ఏ గ్రామమునందైనను జరుగదగిన సంగతి యొకటి మొదట మనవి చేసెదను. ఒక రైతు కడుపులో నలతగా నున్నదని అమలాపురమునకు బోయి అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనును. వైద్యుడు కాగితము చూచి “కాలేయమునకు క్రొవ్వు పట్టినది” అని చెప్పును. ఆ మాట ఊరు చేరునప్పటికి “అతడు చాటుగా త్రాగుచున్నాడట” అని మారిపోవును. కల్లు పాక గడప నెన్నడును త్రొక్కనివాడు, బక్కపలుచని దేహము గలవాడు, చేయని తప్పునకు తల వంచుకొని తిరుగవలసి వచ్చును. ఈ నింద యెంత అన్యాయమో, ఆ వ్యాధి యెట్లు కలుగునో విన్నవించుటయే నా యుద్దేశము.

మద్యపానము కాలేయమును చెరచుననుట సత్యమే. అందు సందేహము లేదు. కాని త్రాగనివారికిని ఈ క్రొవ్వు పట్టును. ఈ సంగతి యెరుగవలెనన్నచో ప్రేవులకును కాలేయమునకును గల సంబంధమును ముందుగా తెలిసికొనవలెను. ప్రేవులనుండి వచ్చు రక్తము తిన్నగా గుండెకు బోవదు. ఒక పెద్ద సిర ద్వారా మొదట కాలేయమునకే చేరును. కాలేయమునకు వచ్చు రక్తములో సుమారు ముప్పాతిక వంతు ఈ త్రోవనే వచ్చును. ధవళేశ్వరమునకు ఎగువ గోదావరిలో నేది కలిసినను అది కాలువల వెంట మన చేలకు చేరక మానదు గదా! అట్లే ప్రేవులలో నేది పుట్టినను అది కాలేయమునకు చేరును.

ప్రేవులలో నేమి పుట్టునందురా? మన పెద్దలు తరవాణి కుండ నెరుగుదురు. అన్నమును, గంజిని, నీటిని పులియబెట్టునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. అట్టివే మన దేహములో సుమారు 38 లక్షల కోట్లు కలవని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. వానిలో అత్యధికములు పెద్దప్రేవునందే నివసించును. మనము తిను కూరలలోని పీచును ఇవి పులియబెట్టి, ప్రేవుల గోడకు పుష్టినిచ్చు ఆమ్లములను తయారు చేయును. పీచు తక్కువయైనచో మేలు చేయు జీవులు క్షీణించును. గోడ బలహీనమై, కొన్ని సూక్ష్మజీవుల విషము రక్తములో జొరబడి కాలేయమును రెచ్చగొట్టును.

మరియొక వింత గలదు. ప్రొద్దున దింపినప్పుడు తియ్యగానుండు నీరా మధ్యాహ్నమునకు కల్లగును. కుండలో నెవ్వరును సారాయి పోయలేదు; సూక్ష్మజీవులే చక్కెరను మద్యముగా మార్చినవి. ఇట్టి పని కొందరి కడుపులోను జరుగును. 2019లో బీజింగు నగరమున జరిగిన పరిశోధనలో, త్రాగుట వలన గాక క్రొవ్వు పట్టిన కాలేయము గల రోగులలో నూటికి సుమారు 60 మంది ప్రేవులలో మద్యమును విశేషముగా పుట్టించు క్లెబ్సియెల్లా అను బాక్టీరియా కనబడెను. దానిని ఎలుకలకు పెట్టగా వాని కాలేయములకును క్రొవ్వు పట్టెను. కాబట్టి కాలేయమును చూచి మనిషి నడవడిని నిర్ణయింపరాదు.

ఈ వ్యాధి అన్ని జాతులవారికిని సమానముగా రాదు. అమెరికాలోని డాలస్ నగరమున జరిగిన పరిశీలన 2004లో వెలువడినది. అందు హిస్పానిక్ జాతివారిలో నూటికి 45 మందికి, తెల్లవారిలో 33 మందికి, నల్లవారిలో 24 మందికి కాలేయపు క్రొవ్వు కనబడెను. ఈ భేదమునకు వంశపారంపర్యముగా వచ్చు జన్యువొకటి కొంత కారణమని 2008లో తేలినది. ఇక మన భారతీయుల మాట. సన్నగానున్న భారతీయ పురుషుల కాలేయములలో, అట్టి దేహమే గల తెల్లవారికంటె క్రొవ్వు సుమారు రెట్టింపు కలదని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు 2006లో చూపిరి. పశ్చిమ బెంగాలు గ్రామములలో జరిగిన పరిశోధన 2010లో ప్రకటింపబడినది. అచ్చట ఈ వ్యాధి గలవారిలో అధిక సంఖ్యాకులు లావుపాటివారు కారు. మన బక్క రైతు కథ అబద్ధము కాదని ఇది సాక్ష్యము.

భేదమంతయు రక్తములోనే యున్నదా? ఆమ్‌స్టర్‌డాము నగరమున నివసించు ఆరు జాతులవారిని, 2,000 మందికి పైగా, పరీక్షించిన ఫలితములు 2018లో వెలువడినవి. ఒకే ఊరిలో నున్నను ఏ జాతివారి ప్రేవులలోని సూక్ష్మజీవులు ఆ జాతివారివిగా వేరుపడి యుండెను. అదే సంవత్సరము అమెరికానుండి మరియొక వార్త వచ్చినది. ఆగ్నేయాసియానుండి అచ్చటికి వలసబోయిన హ్మాంగ్, కరెన్ జాతులవారి ప్రేవులలో స్వదేశపు సూక్ష్మజీవులు తగ్గిపోయి, ఆ దేశపువి పెరిగినవి. వారి బిడ్డలలో ఆ మార్పు మరింత హెచ్చు. జన్యువును మార్చుకొనుట మన చేతిలో లేదు. ప్రేవులలోని జీవులు మాత్రము కంచముతో పాటు మారుచున్నవి. అనగా కొంత భాగము మన చేతిలోనే యున్నది.

కావున చేయదగిన పనులు విన్నవించెదను. మరపట్టిన తెల్లని బియ్యపు టన్నమును తగ్గించి, ఆకుకూరలు, పప్పులు, చిక్కుళ్లు, ఉలవలు హెచ్చుగా తినవలెను. పంచదార నీళ్లు, సీసాల తీపి పానీయములు మానవలెను. ఆత్రేయపురపు పూతరేకు పండుగకు చాలును. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లను, స్త్రీలకు 80ని మించరాదు. మొలత్రాడు ఏటేట బిగియుచున్నచో అదియే హెచ్చరిక. బరువు హెచ్చుగా నున్నవారు నూటికి ఏడు నుండి పది పాళ్లు తగ్గినచో, కాలేయపు క్రొవ్వే గాక వాపు సైతము తగ్గును. 70 కిలోల మనిషికి అది ఐదు నుండి ఏడు కిలోలు. మధుమేహము గలవారు తప్పక వైద్యునిచే కాలేయ పరీక్ష చేయించుకొనవలెను. ఏలయన ఈ వ్యాధి చాలకాలము బాధ కలిగింపక లోలోపల ముదిరి, కాలేయమును గట్టిపరచును. 2021లో భారత ప్రభుత్వము మధుమేహము, హృద్రోగము మున్నగువానితో పాటు దీనిని జాతీయ కార్యక్రమములో చేర్చినది. తెలియని పసరు మందులు త్రాగి, అలసిన కాలేయమునకు మరింత హాని చేయకుడు.

పెద్దలారా! మీ మాటకు ఊరిలో విలువ గలదు. ఇకముందు ఎవరికైనను కాలేయమునకు క్రొవ్వు పట్టినదని వినినప్పుడు “త్రాగుచున్నాడా?” అని చెవులు కొరుకుకొననీయకుడు. “ఏమి తినుచున్నావు నాయనా? ఎంత దూరము నడుచుచున్నావు? వైద్యునికి మరల చూపితివా?” అని అడుగుడు. నిందకు వెరచినవాడు వ్యాధిని దాచును. ఆదరింపబడినవాడు వైద్యుని చేరును. తొలి దశలో తెలిసికొన్నచో ఈ వ్యాధి చాలవరకు వెనుకకు మరలును.